నలభై ఏళ్ళు దీపం పెట్టిన మనిషికి దేవుడు బాకీ పడతాడా?

పెన్న_ఒడ్డు
శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది నెల్లూరుకు దగ్గరలో పెన్న ఒడ్డున ఉన్న చిన్న ఊరు. మా ఊరి రామాలయంలో మా నాన్న నలభై ఏళ్ళుగా సాయంత్రం దీపం పెడుతున్నారు. ఆయన అర్చకులు కారు. అర్చకస్వామి పక్క ఊరి నుంచి ఉదయం ఒక్కపూట వచ్చి వెళతారు. మిగిలిన పనంతా నాన్నదే. తెల్లవారకముందే వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లేవారు. బావిలో నీళ్ళు తోడి తొట్టి నింపేవారు. చింతపండు, బూడిద పెట్టి కుందులు తోమేవారు. పొద్దుగూకే వేళకు వత్తి వేసి నూనె పోసేవారు. జీతం ఆయన అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు.

పోయిన నెల ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట తడబడుతోంది గాని అర్థమవుతుంది. చూడటానికి వచ్చిన బంధువు ఒకాయన మంచం పక్కనే కూర్చుని, "ఇంత సేవ చేశాడు, చివరికి ఆ రాముడు ఏమిచ్చాడు?" అన్నారు. నాన్న ఆ మాట విని కళ్ళు మూసుకున్నారు. నాకు జవాబు తోచలేదు. ఇప్పటికీ తోచడం లేదు.

నేను వరాల గురించి అడగడం లేదు. భక్తుడు దేవుడికి కృతజ్ఞుడై ఉండాలని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. తనకు సేవ చేసినవాడి మీద దేవుడికి కూడా కృతజ్ఞత ఉంటుందని మన గ్రంథాల్లో ఎక్కడైనా ఉందా? తెలిసినవారు చెప్పండి. నాన్నకు చదివి వినిపించాలి.

తులసికోట_కావలి
శనివారం, రాత్రి 9:40

నాయనా, చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. నాకు శాస్త్రాలు తెలియవు. వారధి కడుతున్నప్పుడు ఒంటికి ఇసుక అంటించుకుని వచ్చి దులిపిన ఉడతను రాముడు చేతిలోకి తీసుకుని వీపు నిమిరాడని మా అమ్మ చెప్పేది. ఆ మూడు వేళ్ళ గుర్తులు ఇప్పటికీ ఉడత మీద ఉన్నాయి. కోతులు మోసిన కొండల పక్కన ఆ ఇసుక ఎంత? అయినా రాముడు చూశాడు కదా. నాన్నగారికి ఈ కథ చెప్పు. తెలిసిన కథే అయినా మళ్ళీ చెప్పు.

రంగనాయకులపేట_కుర్రాడు
శనివారం, రాత్రి 9:58

అన్నా, నాన్నగారు త్వరగా కోలుకోవాలి. నేను నెల్లూరులోనే ఉంటాను. ఆసుపత్రి పనికి గాని, మందులకు గాని మనిషి అవసరమైతే మొహమాటపడకుండా చెప్పండి.

తెలుగు_మాస్టారు_ఒంగోలు
ఆదివారం, ఉదయం 6:25

బాబూ, మీ నాన్నగారికి నా నమస్కారం అందజేయండి. నేను ముప్పై ఏళ్ళు బడిలో పాఠం చెప్పినవాణ్ణి. మీరు అడిగినదానికి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు కావలి అమ్మగారి మాటకు చిన్న చేర్పు. ఉడత కథ వాల్మీకంలో లేదు. మన తెలుగు రంగనాథ రామాయణంలో ఉంది. వాల్మీకంలో లేదు కదా అని తోసిపారేయకండి. 'ఉడతా భక్తి' అనే మాట మన ఇళ్ళలో రోజూ పలుకుతోందంటే ఆ కథ ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు.

ఇక వాల్మీకం. మీరు అడిగిన మాట రామాయణం మొదలయ్యే చోటే ఉంది. లోకంలో ఇప్పుడు ఇన్ని గుణాలున్న మనిషి ఎవరని నారదుడిని వాల్మీకి అడుగుతాడు. మొత్తం పదహారు గుణాలు. అందులో నాలుగోది 'కృతజ్ఞః'. సత్యవాక్యం కూడా దాని తరవాతే వచ్చింది. అయోధ్యాకాండ మొదటి సర్గలో ఇంకో మాట ఉంది. ఎవరైనా 'కథంచిత్' ఒక్క ఉపకారం చేస్తే రాముడు దానితోనే తృప్తి పడతాడట, నూరు అపకారాలు చేసినా తలచుకోడట. కథంచిత్ అంటే ఎలాగో ఒకలా అని. నిండు మనసుతో చేశాడా, అలవాటుగా చేశాడా, ఆ పూట విసుక్కుంటూ చేశాడా అన్న తూనిక అక్కడ లేదు. మీ నాన్నగారు నలభై ఏళ్ళలో ఏ జ్వరం రోజునో విసుక్కుని ఉంటే అది కూడా ఈ మాటలో కలిసిపోతుంది.

యుద్ధకాండ మొదటి సర్గ తెరిచి చూడండి. హనుమంతుడు లంకకు వెళ్ళి వచ్చి సీత క్షేమం చెప్పాడు. అప్పుడు రాముడు ఎవరు? రాజ్యం లేదు, భార్య దగ్గర లేదు, ఉన్నది నారచీర. ఆయన బాధ ఏమిటంటే, ఇంత ప్రియమైన కబురు తెచ్చినవాడికి తగినట్టుగా ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదే అని. అలా అని, నాకున్న సర్వస్వం ఈ కౌగిలే అని హనుమను హత్తుకున్నాడు. ఇచ్చినదానికంటే, తగినంత ఇవ్వలేకపోయానే అన్న ఆ బాధ నన్ను ఎక్కువగా కదిలిస్తుంది.

మరొకటి. చాలామందికి ఇది గుర్తుండదు. రావణుడు పడిపోయాక ఇంద్రుడు వచ్చి వరం కోరుకోమంటాడు. రాముడు తనకోసం ఏమీ అడగలేదు. నా కోసం భార్యాబిడ్డలకు దూరమై, నా కోసం చచ్చిపోయిన వానరులందరూ లేచి రావాలి అన్నాడు. అక్కడితో ఆగలేదు. వాళ్ళు ఎక్కడ ఉంటే అక్కడ కాలం కాని కాలంలో కూడా పళ్ళు, దుంపలు, పువ్వులు దొరకాలి, నదుల్లో తేట నీళ్ళు ఉండాలి అని అడిగాడు. గెలిచిన రాజు తన కూలీల అన్నం గురించి, మంచినీళ్ళ గురించి అడుగుతున్నాడు. నేను ఈ ఘట్టం చెప్పిన ప్రతిసారీ పిల్లలు నిశ్శబ్దంగా వినేవారు.

జిజ్ఞాసువు_కనిగిరి
ఆదివారం, ఉదయం 11:03

మాస్టారికి నమస్కారం. మీ విద్వత్తు మీద గౌరవంతోనే ఒక సందేహం.

బాకీ అనేది అవసరం ఉన్నవాడికి పుడుతుంది. భగవంతుడు పరిపూర్ణుడు. మన దీపం లేకపోతే ఆయనకు చీకటి కాదు, మన నైవేద్యం లేకపోతే ఆయన పస్తుండడు. ఆయనకు ఉపకారం చేయడమే సాధ్యం కానప్పుడు కృతజ్ఞత ఎక్కడిది? రాముడి మాటలు అవతారంలో మనిషిగా నడుచుకున్న తీరు. పెద్దమనిషి ఎలా ఉండాలో చూపించాడు, అంతే. దాన్ని పట్టుకుని దేవుడు మీకు బాకీ ఉన్నాడని మంచంలో ఉన్న పెద్దాయనకు చెప్పడం సరైనదేనా? రేపు ఆయన కాలు రాకపోతే ఆ బాకీ ఎగ్గొట్టాడని అనుకోవాలా? కర్మఫలం ఎవరిది వారిదే అని చెప్పడమే నిజాయతీ అని నాకనిపిస్తోంది. పరుషంగా ఉంటే క్షమించండి. మా తాతగారు కూడా ఇలాగే మంచాన పడ్డారు. మాయమాటలు చెప్పినవాళ్ళందరూ నాకు ఇంకా గుర్తున్నారు.

పెన్న_ఒడ్డు
ఆదివారం, మధ్యాహ్నం 12:20

జిజ్ఞాసువు గారూ, క్షమాపణ అక్కరలేదు. నా భయమూ అదే. ఓదార్పు కోసం అబద్ధం చెప్పడం నాకిష్టం లేదు. నాన్న పట్టేస్తారు.

శనివారం_మాలకొండ
ఆదివారం, మధ్యాహ్నం 2:45

నేను మాలకొండ నరసింహస్వామి భక్తుణ్ణి. మా స్వామి గుడి వారంలో ఒక్క శనివారమే తెరుస్తారు. మిగిలిన రోజులు దేవతలూ ఋషులూ కొలుస్తారని మా నమ్మకం. మన పక్క ఎటు చూసినా నరసింహుడే. పెంచలకోన, నరసింహకొండ, సింగరాయకొండ, మాలకొండ. ఆయన ఎదుట ప్రహ్లాదుడు అన్న మాట ఇక్కడ చెప్పాలి.

హిరణ్యకశిపుణ్ణి చంపాక స్వామి వరం కోరుకోమన్నాడు. నీ దగ్గర కోరికలు ఆశించేవాడు సేవకుడు కాడు, వర్తకుడు అన్నాడు ప్రహ్లాదుడు. భాగవతం ఏడో స్కంధంలో 'న స భృత్యః స వై వణిక్' అని స్పష్టంగా ఉంది. కొండెక్కేటప్పుడు నేను ఈ మాటే తలచుకుంటాను. మనం లెక్క తీసిన క్షణంలోనే సేవ బేరమైపోతుంది. బాకీ అనే మాటే ఈ చర్చలో వద్దనిపిస్తోంది.

తులసికోట_కావలి
ఆదివారం, సాయంత్రం 4:10

అయ్యా, లెక్క తీసింది ఎవరు? ఆ పెద్దాయన తీయలేదు కదా. మంచం పక్కన కూర్చున్న చుట్టం తీశాడు. ప్రహ్లాదుడు తనకు తాను చెప్పుకోవలసిన మాట చెప్పుకున్నాడు. దాన్ని కాలూ చెయ్యీ పడిపోయిన మనిషికి మనం పోయి చెప్పకూడదు. సేవ చేసినవాడు లెక్క రాయకూడదు, నిజమే. చేయించుకున్నవాడు మరచిపోవచ్చని కూడా ప్రహ్లాదుడు చెప్పాడా?

తెలుగు_మాస్టారు_ఒంగోలు
ఆదివారం, రాత్రి 8:30

కావలి అమ్మగారూ, నేను నాలుగు పేజీల్లో చెప్పబోయింది మీరు ఒక్క వాక్యంలో చెప్పారు. సేవకుడు మరచిపోవాలి, స్వామి గుర్తుంచుకోవాలి. ఇద్దరి ధర్మాలూ వేరు. ఒకరి ధర్మాన్ని ఇంకొకరి నెత్తిన పెట్టకూడదు.

జిజ్ఞాసువు గారి ప్రశ్న తేలికైనది కాదు. పరిపూర్ణుడికి కృతజ్ఞత ఏమిటని అడిగారు. విష్ణుసహస్రనామం రోజూ చదివే ఇళ్ళు మన జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. అందులో 'కృతజ్ఞః' అని ఒక నామం ఉంది. 'దురాధర్షః కృతజ్ఞః కృతిరాత్మవాన్' అని చదువుతూ దాటిపోతాం. ఆ నామానికి శంకరులు భాష్యం రాస్తూ, ఆకో పువ్వో ఏ కొంచెం సమర్పించినవారికైనా మోక్షం ఇచ్చేవాడు కనుక కృతజ్ఞుడు అన్నారు. అద్వైతం చెప్పిన ఆచార్యుడి మాట ఇది. అవతారం గురించి కాదు, పరమాత్మ నామం గురించి. కాబట్టి అది పెద్దమనిషి మర్యాద మాత్రమే అనడానికి వీల్లేదు.

ఇక మీ నెల్లూరి తిక్కన తెనిగించిన ఉద్యోగపర్వానికి మూలమైన వ్యాసభారతంలో కృష్ణుడి మాట వినండి. సంజయుడు పాండవులున్న ఉపప్లావ్యం నుంచి తిరిగి వచ్చి ధృతరాష్ట్రుడికి చెబుతాడు. దూరంగా ఉన్న నన్ను ద్రౌపది గోవిందా అని ఎలుగెత్తి పిలిచింది, ఆ ఋణం పెరిగిపోయింది, నా గుండెలోంచి కదలడం లేదని కృష్ణుడు అన్నాడట. 'ఋణమేతత్ ప్రవృద్ధం మే' అని వ్యాసుడి మాట. ద్రౌపది ఆయనకు ఏం ఇచ్చింది? పిలిచింది, అంతే. పిలుపుకే బాకీ పడినవాడు, అది పెరిగిందని కూడా తానే ఒప్పుకుంటున్నాడు. ఈ బాకీ అనే మాట మన బంధువులు పుట్టించింది కాదు, స్వామి నోటి మాట. గోపికల దగ్గర అయితే ఆయన చేతులెత్తేశాడు. దేవతల ఆయుష్షు ఉన్నా మీ మేలుకు బదులు తీర్చలేను, మీ మంచితనమే మీకు బదులు కావాలి అన్నాడు.

తిక్కన మాట వచ్చింది కనుక ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటాను. ఆయన ఉత్తర రామాయణాన్ని తాను కొలువు చేసిన మనుమసిద్ధికి అంకితం ఇచ్చాడు. భారతం పదిహేను పర్వాలూ హరిహరనాథుడికి ఇచ్చాడు. రాజు సేవ ఒక పొత్తానికి సరిపోయింది. ఆ తరవాత ఆయనకు ఇంకా పెద్ద ప్రభువు కావలసి వచ్చాడు. పెన్న ఒడ్డున పుట్టినవాడు తెలుసుకోవలసిన సంగతి ఇది.

కొత్తపట్నం_కెరటం
ఆదివారం, రాత్రి 9:15

సముద్రం ఒడ్డున ఉంటాను కాబట్టి నాకు మైనాకుడు గుర్తొచ్చాడు. హనుమ ఎగురుతుంటే సముద్రుడు ఆ కొండను పైకి లేపి, కాసేపు కూర్చో అనిపించాడు. సాగరుణ్ణి పెంచింది ఇక్ష్వాకు వంశపు సగరులు కదా, ఇది ఆ వంశపు రాముడి పని కదా అని. మేలు చేసినవారికి తిరిగి మేలు చేయడం సనాతన ధర్మమని మైనాకుడే చెబుతాడు. తరాలు గడిచినా సముద్రం మరచిపోలేదు.

రంగనాయకులపేట_కుర్రాడు
ఆదివారం, రాత్రి 10:05

పెద్దల మాటల మధ్య నాది చిన్న సంగతి. మా తాత తల్పగిరి రంగనాథస్వామి ఉత్సవాల్లో వాహనం మోసేవాడు. కుడి భుజం మీద కర్ర ఆనే చోట కాయ కాసి, మడమలా గట్టిగా ఉండేది. చిన్నప్పుడు నేను దాని మీద గోరు పెట్టి గీసేవాణ్ణి, ఆయనకు తెలిసేది కాదు. చొక్కా కుట్టించుకుంటే ఆ భుజం దగ్గర కొంచెం వదులు పెట్టమని దర్జీకి చెప్పేవాడు.

చివరి రెండేళ్ళు మంచం దిగలేదు. గరుడ సేవ రాత్రి వాహనం మా వీధిలోకి వచ్చింది. మంచాన్ని వాకిట్లోకి తెచ్చాం. మామూలుగా హారతి ఇచ్చే ఇంటి ముందు వాహనం ఆగుతుంది, స్వామి ముఖం వీధి వైపే ఉంటుంది. ఆ రాత్రి ముందు కర్ర పట్టిన ఆయన ఏదో అన్నాడు. మోసేవాళ్ళందరూ అడుగులు మార్చుకుంటూ వాహనాన్ని మెల్లగా మా గుమ్మం వైపు తిప్పారు. అంత బరువును ఆ ఇరుకు వీధిలో తిప్పడం ఎంత కష్టమో మోసినవాడికే తెలుసు. తాత లేవలేక ఎడమ చేత్తో ఆ భుజం తడుముకున్నాడు. నేను పక్కనే ఉన్నాను.

వాహనాన్ని తిప్పింది మనుషులే. అయినా ఆ రాత్రి మా తాత వైపు తిరిగింది రంగనాయకులే. ఇందులో ఏది నిజం అని నేను ఎప్పుడూ తేల్చుకోవాలనుకోలేదు.

మార్కాపురం_పలక
ఆదివారం, రాత్రి 10:20

చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను తమ్ముడూ.

పెన్న_ఒడ్డు
సోమవారం, ఉదయం 7:10

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రాత్రి నాన్నకు కొంత చదివి వినిపించాను. ఇంకా కొంత ఉంది.

ఒక సంగతి దాచాను. ఇక్కడ చెప్పుకుంటే బరువు తగ్గుతుందేమో. రెండేళ్ళ కిందట మా గుడి బాగు చేసి ముందు మండపం వేశారు. గోడకు నల్లరాతి పలక పెట్టి, ఇచ్చిన చందాల వరసలో పేర్లు చెక్కించారు. నాన్న పేరు లేదు, ఆయన డబ్బు ఇవ్వలేదు కనుక. సున్నం వేసిన రోజుల్లో మండపం కడిగింది మాత్రం ఆయనే. పడిపోయాక పెద్దలెవరూ ఇంటివైపు రాలేదు. రాముడి మీద నాకు కోపం లేదు. ఆ పలక చూస్తే మాత్రం కడుపు రగులుతుంది.

తులసికోట_కావలి
సోమవారం, ఉదయం 8:00

తిరుమలలో మహాద్వారం దగ్గర గునపం వేలాడదీసి ఉంటుంది, చూశావా నాయనా? అనంతాళ్వారుది. పూలతోటకు చెరువు తవ్వుతుంటే నిండు చూలాలైన భార్యకు మట్టి మోయడంలో సాయం చేయడానికి స్వామే పిల్లవాడై వచ్చాడు. నా సేవలో ఇంకొకడు చేయి పెట్టాడే అని ఆయన కోపంతో గునపం విసిరాడు. స్వామి గడ్డానికి తగిలింది. అందుకే ఆ గడ్డానికి ఈనాటికీ పచ్చకర్పూరం పెడతారు. తనను కొట్టిన తోటపనివాడి గునపాన్ని ఆ ఇంటి గుమ్మంలోనే ఉంచారు. మా పిల్లలను తీసుకెళ్ళినప్పుడు ముందు అదే చూపించాను.

తెల్లవారుజామున సుప్రభాత వేళ తలుపులు తెరిచినప్పుడు తొలి దర్శనం కూడా తలుపు దగ్గర సేవ చేసే సన్నిధి గొల్లదే. దేవుడి ఇంట్లో పేర్లు రాసే పద్ధతి అది. మీ ఊరివాళ్ళు రాసిన పలక ఒక్కటే లెక్క అనుకోకు.

తెలుగు_మాస్టారు_ఒంగోలు
సోమవారం, ఉదయం 9:30

కిష్కింధలో సుగ్రీవుడు మాట మరచి సుఖాల్లో మునిగిపోయినప్పుడు లక్ష్మణుడు అన్నది ఆ పెద్దలకు వినిపించాలి. గోహత్య చేసినవాడికి, కల్లు తాగినవాడికి, దొంగకు, వ్రతం చెడగొట్టుకున్నవాడికి కూడా పెద్దలు ప్రాయశ్చిత్తం చెప్పారు. కృతఘ్నుడికి మాత్రం లేదు. రామాలయం గోడ మీద రాముడి సేవకుడి పేరు లేకపోవడం నాకు చాలా కష్టంగా ఉంది. ఇంతకంటే రాస్తే మాట మీరుతాను.

జిజ్ఞాసువు_కనిగిరి
మంగళవారం, రాత్రి 11:40

రెండు రోజులుగా ఉత్తరకాండ తిరగేస్తున్నాను. నా ప్రశ్నకు అక్కడ జవాబు ఉంది. నేను రాసినదాంట్లో కొంత వెనక్కి తీసుకుంటున్నాను.

పట్టాభిషేకం అయిపోయింది. వానరులు ఊళ్ళకు బయలుదేరుతున్నారు. హనుమకు వీడ్కోలు చెబుతూ రాముడు, నువ్వు చేసిన ఒక్కొక్క ఉపకారానికి నా ప్రాణమే ఇవ్వాలి, మిగిలినవాటికి మేము ఋణపడే ఉంటాం అన్నాడు. ఆ తరవాత 'మదంగే జీర్ణతాం యాతు' అన్నాడు. నువ్వు చేసిన మేలు నాలోనే అరిగిపోవాలి, నీకు తిరిగి ఇచ్చే అవసరం రాకూడదు అని. ఎందుకంటే ప్రత్యుపకారం అందుకునే పాత్రత మనిషికి ఆపదలోనే వస్తుంది. నేను నీ బాకీ తీర్చాలంటే నీకు కష్టం రావాలి. అది నాకు వద్దు.

బాకీ అంటే తీర్చవలసినది అని నేను లెక్క వేసుకున్నాను. తీర్చకుండా మోయాలని కోరుకునే బాకీ ఒకటి ఉంటుందని నాకు తట్టలేదు. పరిపూర్ణుడికి లోటు ఉండదు, నిజమే. తనంతట తాను ఒక బరువు ఎత్తుకోవడానికి లోటు అక్కరలేదు కదా.

పెన్న_ఒడ్డు
బుధవారం, ఉదయం 5:50

జిజ్ఞాసువు గారూ, రాత్రి నిద్ర పట్టలేదు. మీరు రాసినదాన్ని తిప్పి చదువుతున్నాను. నీకు ఆపద రాకూడదు, నా ఋణం తీరకూడదు అని రాముడు అన్నాడు. మరి నాన్నకు ఆపద వచ్చేసింది కదా. ఆ మాట ప్రకారమే చూసినా, ఇప్పుడు తీర్చే సమయం వచ్చినట్టే కదా?

జిజ్ఞాసువు_కనిగిరి
బుధవారం, ఉదయం 6:30

అవును. వచ్చినట్టే. దానికి నా దగ్గర శ్లోకం లేదు.

నర్సు_ఆత్మకూరు
బుధవారం, మధ్యాహ్నం 1:15

నేను మొదటి నుంచీ చదువుతున్నాను, రాయలేదు. రోగుల మధ్య పనిచేసేదాన్ని కనుక రెండు మాటలు అడుగుతాను.

ఒకటి, వ్యాయామం చేయించే చోటికి రోజూ తీసుకెళుతున్నారా? మొదటి నెలలు చాలా విలువైనవి, ఒక్కరోజు కూడా మానకండి. వేళ్ళకు పని చెప్పమని అక్కడివారు చెప్పే ఉంటారు. నాన్నగారి చేతికి అలవాటైన పని ఏది? వత్తులు చేయడమేగా. దూది చేతికివ్వండి. పడిపోయిన చెయ్యి కింద పలక పెట్టి, మంచి చెయ్యి సాయంతో చేయించవచ్చేమో వారిని అడిగి చూడండి. వంకరగా వచ్చినా పరవాలేదు.

రెండు, నెల రోజులుగా ఆ గుడిలో సాయంత్రం దీపం ఎవరు పెడుతున్నారు?

పెన్న_ఒడ్డు
బుధవారం, రాత్రి 9:05

మీ రెండో ప్రశ్నకు జవాబు రాయడానికి సాయంత్రం వరకు ఆగాను. ఎవరూ పెట్టడం లేదు. అర్చకస్వామి ఉదయం పెట్టిన దీపం మధ్యాహ్నానికి కొండెక్కుతుంది. నేను నాలుగు రోజులుగా ఇక్కడ దేవుడి కృతజ్ఞత గురించి అడుగుతున్నాను, గుడి మాత్రం రాత్రిళ్ళు చీకట్లో ఉంది.

ఈరోజు నేనే వెళ్ళాను. కుంది ఉండే చోట రాతి మీద నూనె ఇంకి నల్లటి గుండ్రని మచ్చ ఉంది. నా అరచేయి సరిగ్గా అందులో పట్టింది. కుంది తోమడానికే అరగంట పట్టింది. కొనుక్కొచ్చిన వత్తి వేసి నిండా నూనె పోశాను. మంట అంటుకున్నట్టే అంటుకుని ఆరిపోయింది. మూడుసార్లు అలాగే అయింది. ఇంటికి వచ్చి నాన్నకు చెబితే, "నిండా పోయకు. వత్తి తల మునుగుతుంది. ముందు కొస నూనెలో తడిపి పిండు" అన్నారు. పక్షవాతం వచ్చాక ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం ఇదే మొదటిసారి. మళ్ళీ వెళ్ళి పెట్టాను. నిలిచింది.

రంగనాయకులపేట_కుర్రాడు
బుధవారం, రాత్రి 9:20

అన్నా, శనివారం నేనూ ఇద్దరు స్నేహితులూ వస్తాం. బావి నీళ్ళు, వాకిలి మాకు వదిలేయండి. ఊరి పేరు విడిగా పంపండి.

శనివారం_మాలకొండ
బుధవారం, రాత్రి 9:50

బాకీ అనే మాట వద్దన్నాను. ఆ మాటతోనే మీరు గుడిలో దీపం దాకా వెళ్ళారు. ఈ శనివారం కొండ మీద నాన్నగారి పేరు చెప్పి కొబ్బరికాయ కొడతాను.

పెన్న_ఒడ్డు
ఆదివారం, రాత్రి 8:45

వారం అయింది. వివరం రాస్తాను.

కుర్రాడు, స్నేహితులు నిన్న వచ్చారు. తొట్టి నింపారు, మండపం కడిగారు. ఊళ్ళో ఇద్దరు ముగ్గురు వచ్చి నిలబడి చూశారు. ఒకాయన చీపురు అందుకున్నాడు.

ఇంకొకటి. నెల రోజులుగా నా కళ్ళ ముందు జరుగుతున్నవి కొన్ని ఉన్నాయి. నాన్నను వ్యాయామానికి తీసుకెళ్ళే ఆటో అతను ఒక్క రోజు కూడా డబ్బు తీసుకోలేదు. పాలు పోసే ఆమె రోజూ అర్ధసేరు ఎక్కువ పోసి వెళుతోంది. అర్చకస్వామి పూజ అయ్యాక తన ఊరికి వెళ్ళకుండా ఎదురుదారిలో మా ఇంటికి నడిచి వచ్చి, మంచం దగ్గర నిలబడి తీర్థం, తులసి ఇచ్చి వెళుతున్నారు. వీటిలో ఏదీ నేను మొదటి రోజు ఇక్కడ రాయలేదు. చుట్టం అన్న మాట ఒక్కటే రాశాను.

మాస్టారు గారూ, మీరు రాసినదంతా మూడు రాత్రులు చదివాను. హనుమ కౌగిలి దగ్గర నాన్న కళ్ళు తుడుచుకున్నారు. 'మదంగే జీర్ణతాం' చదివితే మౌనంగా విన్నారు. వానరులు ఉన్నచోట పళ్ళు ఉండాలి, నదుల్లో తేట నీళ్ళు ఉండాలి అని రాముడు అడిగిన చోటు వచ్చేసరికి ఆపమన్నారు. మళ్ళీ చదవమన్నారు. "నీళ్ళు కూడా అడిగాడా?" అన్నారు. అడిగాడు నాన్నా అన్నాను. చాలాసేపు తన కుడి అరచేతిని ఎడమ చేత్తో పట్టుకుని చూసుకుంటూ ఉన్నారు. నలభై ఏళ్ళు చేంతాడు లాగిన చెయ్యి అది.

నర్సమ్మగారూ, వ్యాయామం చెప్పేవారు సరే అన్నారు. దూది ఇచ్చాను. చిన్న గిన్నెలో విభూతి అడిగి, వేలి కొసలకు అద్దుకుని మొదలుపెట్టారు. ఈరోజు పదకొండు వత్తులు చేశారు. మూడు వెలిగించడానికి పనికొచ్చాయి. ఆ మూడింటిలో ఒకటి ఇప్పుడు గుడిలో వెలుగుతోంది. మిగిలిన రెండూ రేపటికి, ఎల్లుండికి.